ఉష్ణమండల జాతులను కొత్త ప్రజాతిలోకి మార్చడం: వంశవృక్షం నుంచి చెల్లుబాటయ్యే పేరు దాకా

వంశవృక్షం గీసి చూస్తే, ఒక ప్రజాతిలో ఉన్న జాతులన్నీ ఒకే కొమ్మ మీద లేవని తేలడం ఉష్ణమండల మొక్కల్లో మామూలే. ఎండిన నమూనాలు నాలుగైదు ముందేసుకుని కట్టిన పాత పెద్ద ప్రజాతులు చాలావరకు పైపై పోలికల మూటలు. మూట విప్పాక పని రెండు ముక్కలు: ఒకటి జీవశాస్త్రం, రెండోది పేర్ల వ్యవహారం. మొదటిదానికి ఏళ్ళు పెట్టినవాళ్ళే రెండోదాన్ని చివరి పది రోజుల్లో చుట్టేద్దామనుకుంటారు. పేర్లు చెల్లకుండా పోయేది అక్కడే. జీవశాస్త్రంలో పొరబడితే తర్వాతివాళ్ళు మీతో వాదిస్తారు. మూలనామానికి పుట సంఖ్య రాయడం మరిచిపోతే వాదన కూడా ఉండదు, ఆ పేరే పుట్టనట్టు లెక్క. అందుకే ఇక్కడ ప్రయోగశాల కంటే పేర్లకే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

ముందుగా మాటలు సరిచూసుకుందాం. ప్రజాతి అంటే జీనస్, జాతి అంటే స్పీసీస్. ఒక జాతి పేరులోని రెండో పదం మొట్టమొదట ఏ పేరులో పుట్టిందో అది మూలనామం, అంటే బేసియోనిమ్. ఆ రెండో పదాన్ని కొత్త ప్రజాతి పేరు పక్కన చేర్చడం కొత్త కలయిక. పేరు దేనికి కట్టుబడి ఉందో చూపే నమూనా టైపు. నియమావళి అంటే శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల అంతర్జాతీయ నామీకరణ నియమావళి. 2017 షెన్‌జెన్ అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశం తర్వాతి కూర్పు 2018లో వచ్చింది, 2024 మాడ్రిడ్ సమావేశం తర్వాతిది 2025లో వచ్చింది. కొత్త కూర్పు ముందు పెట్టుకునే పని మొదలుపెట్టండి.

కొత్త ప్రజాతి నిజంగా కావాలా

ఒక ప్రజాతి కలగాపులగం అని తేలితే దారులు మూడు. లోపల చిక్కుకున్న చిన్న ప్రజాతిని పెద్దదాంట్లో కలిపేయడం ఒకటి. విడిపోయిన గుంపుకు ఎవరో ఎప్పుడో పెట్టి మరుగున పడ్డ పేరును మళ్ళీ లేపడం ఇంకొకటి. ఆ రెండూ కుదరకపోతేనే కొత్త ప్రజాతి. ఈ వరస తప్పకండి. చాలామంది మూడోదాని నుంచి మొదలుపెడతారు, ఎందుకంటే కొత్త పేరు పక్కన తమ పేరు ఉంటుంది.

కలిపేయడానికి సాన్సెవీరియా మంచి ఉదాహరణ. అది డ్రసీనా కొమ్మల మధ్యలో ఇరుక్కుని ఉందని తేలాక, 2018 నాటికి దాని జాతులను డ్రసీనాలోకి మార్చేశారు. కుండీల్లో పెంచే స్నేక్ ప్లాంట్ ఇప్పుడు డ్రసీనా ట్రైఫాసియాటా. పాత పేరు లేపడానికి గోపర్టియాను చూడండి. అది 1831 నాటి పేరు. 2012లో కలాథియాలోని ఎక్కువ జాతులు దాంట్లోకి వెళ్ళాయి. ఫిలోడెండ్రాన్‌లో చెట్టులా కాండం నిలబడే మెకనోస్టిగ్మా గుంపుకు 2018లో దక్కిన థామటోఫిల్లమ్ కూడా 1859 నాటిదే. వీటిలో దేనికీ కొత్త పేరు కల్పించాల్సిన పని పడలేదు.

ఒక్కో దారికి ఎన్ని పేర్లు మారతాయో లెక్క రాసుకోండి. ఐదు జాతులున్న చిన్న ప్రజాతి మూడు వందల జాతుల పెద్ద ప్రజాతి లోపల ఉంటే, ఆ ఐదింటినీ కలిపేస్తే సరిపోతుంది. దాన్ని కాపాడాలంటే పెద్దదాన్ని ముక్కలు చేసి వందల పేర్లు మార్చాలి. పువ్వు, కాయ చేతిలో పట్టుకుని గుర్తుపట్టలేని గుంపును విడదీయకపోవడమే మేలని మా అభిప్రాయం. డీఎన్‌ఏ చూస్తే తప్ప తెలియని ప్రజాతి అడవిలో పనిచేసేవాళ్ళకు అక్కరకు రాదు.

ఇంకో సంగతి: విడదీసేటప్పుడు పాత పేరు ఎవరికి మిగులుతుందో మీ ఇష్టం కాదు. ప్రజాతి పేరు కట్టుబడి ఉన్న జాతి దాని టైపు జాతి. అది ఏ ముక్కలో ఉంటే పేరు ఆ ముక్కదే, ఆ ముక్క ఎంత చిన్నదైనా సరే. అకేసియా గొడవ దీని మీదే నడిచింది. అకేసియా టైపు నల్లతుమ్మ గుంపులో ఉండేది. మామూలుగా అయితే విడిపోయిన దాదాపు 1000 ఆస్ట్రేలియా జాతులూ పేరు మార్చుకోవాలి. 2005 వియన్నా సమావేశంలో టైపును ఆస్ట్రేలియా జాతి అకేసియా పెన్నినర్విస్‌కు మార్చారు, 2011 మెల్‌బోర్న్ సమావేశం దాన్ని నిలబెట్టింది. ఫలితంగా నల్లతుమ్మ వాచెలియా నైలోటికా అయ్యింది. వాచెలియా కూడా 1834 నాటి పాత పేరే. ఇలాంటి మినహాయింపు కావాలంటే పేర్ల తగవులు తేల్చే నామీకరణ సంఘానికి ప్రతిపాదన పంపాలి, అది తేలడానికి ఏళ్ళు పడుతుంది. మామూలు పనికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నమూనాలు, డీఎన్‌ఏ

ఏ జాతులను పరీక్షకు తీసుకోవాలో నిర్ణయించడమే ఇక్కడ అసలు పని. పాత ప్రజాతి టైపు జాతి తప్పనిసరి. ఆ ప్రజాతికి పర్యాయనామాలుగా, అంటే అదే మొక్కల గుంపుకు వాడుకలో లేని వేరే పేర్లుగా, పడి ఉన్న ప్రతి ప్రజాతి పేరుకూ టైపు జాతి ఉంటుంది, అవన్నీ కావాలి. ఉపప్రజాతులు, సెక్షన్లు అనే లోపలి విభాగాలు ఉంటే ఒక్కోదాని నుంచి కనీసం రెండు జాతులు తీసుకోండి. పక్క ప్రజాతుల టైపులు కూడా ఉండాలి. టైపు జాతి దొరకలేదని దాని చుట్టాన్ని పెట్టి నెట్టుకొస్తే మొదటికే మోసం. రేపు అసలు టైపు మీ కొత్త గుంపులో పడిందంటే మీరు పెట్టిన పేరు వృథా.

తాజా ఆకైతే లేతది ఎంచుకుని, మధ్య ఈనె తీసేసి, చిన్న ముక్కలుగా చింపి కాగితం కవర్లో పెట్టండి. ఆకు బరువుకు కనీసం 10 రెట్లు సిలికా జెల్ ఉన్న సంచిలో ఆ కవరు వేసి గాలి చొరకుండా మూయండి. ఒకటి రెండు రోజుల్లో ఆకు విరిస్తే పుటుక్కుమనాలి. వంగుతోందంటే లోపల ఇంకా తడి ఉంది, సిలికా మార్చండి. తేమ అడవుల్లోని దళసరి ఆకులకు ఈ మార్పు రెండు మూడుసార్లు తప్పదు. ఆకు నెమ్మదిగా ఎండితే దాని ఎంజైములే డీఎన్‌ఏను ముక్కలు చేస్తాయి. సిలికా కవరు మీద వేసే సంఖ్య, హెర్బేరియం రేకు (ఎండిన మొక్కను అతికించి దాచే అట్ట) మీద సేకరణ సంఖ్య ఒకటే కావాలి. ఏ రేకు నుంచి వచ్చిందో తెలియని డీఎన్‌ఏ వరసకు విలువ లేదు.

డీఎన్‌ఏ తీయడానికి సీటాబ్ అనే డిటర్జెంట్ వాడే పద్ధతే ఇప్పటికీ నమ్మకమైనది: 20 నుంచి 30 మిల్లీగ్రాముల ఎండు ఆకు, 2 శాతం సీటాబ్, 1.4 మోలార్ ఉప్పు, 20 మిల్లీమోలార్ ఈడీటీఏ, 100 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8, వేడి 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్, అరగంట నుంచి గంట. తర్వాత 24:1 పాళ్ళలో క్లోరోఫాం, ఐసోఎమైల్ ఆల్కహాల్‌తో శుద్ధి చేయాలి. ఉష్ణమండల ఆకుల్లో జిగురు, టానిన్లు దండిగా ఉంటాయి. ద్రావణం గోధుమ రంగుకు తిరిగితే టానిన్లు డీఎన్‌ఏకు అంటుకున్నట్టు. టానిన్లను పట్టేసే పీవీపీ 1 నుంచి 2 శాతం, కొద్దిగా బీటా-మెర్కాప్టోఇథనాల్ ముందే కలిపితే ఇది చాలావరకు తగ్గుతుంది. పిపెట్‌కు తీగలా సాగుతుంటే అది జిగురు. నూరిన పొడిని సీటాబ్‌లో వేయకముందే సార్బిటాల్ ద్రావణంతో, జిగురు పోయేదాకా కడిగి తేర్చుకోండి.

హెర్బేరియం రేకుల నుంచి ముక్క తీసుకోవాల్సి వస్తే ముందు అది ఎలా ఎండిందో చూడండి. తేమ అడవుల్లో సేకరించినవాళ్ళు నమూనాలు బూజు పట్టకుండా స్పిరిట్‌లో తడిపి, వారాల తర్వాత ఎండబెట్టడం పాత అలవాటు. వాటిలో డీఎన్‌ఏ తునాతునకలై ఉంటుంది. ఆకులు ఏకరీతిగా నల్లబడి ఉంటే అనుమానించండి. టైపు రేకును మాత్రం క్యురేటర్ రాతపూర్వక అనుమతి లేకుండా ముట్టకండి. అనుమతి వచ్చినా విడిగా రాలిపడి పొట్లంలో ఉన్న ముక్కనే అడగండి.

దేశం దాటే నమూనాలకు, జన్యు వనరుల వాడకం మీది నగోయా ఒప్పందం 2014 నుంచి అమల్లో ఉంది. ఆర్కిడ్లు, సైకాడ్ల వంటివాటికి అంతరించే ముప్పున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ నిబంధనలు కూడా వర్తిస్తాయి. కాగితాలు చేతికి రాకముందే పార్శిల్ కట్టకండి.

వంశవృక్షాన్ని చదవడం

ఐటీఎస్, మాట్‌కే, ట్రన్‌ఎల్-ఎఫ్ లాంటి నాలుగైదు డీఎన్‌ఏ భాగాలతోనే ప్రజాతులు చీల్చిన కాలం ఒకటుండేది. ఇప్పుడు యాంజియోస్పెర్మ్స్353 ప్రోబులతో, అంటే కావాల్సిన జన్యువులను ఏరి పట్టే ఎరలతో, కేంద్రకంలోని 353 జన్యువులు ఒకేసారి అందుతున్నాయి, పాత రేకుల నుంచి కూడా. అందుకని రెండు మూడు క్లోరోప్లాస్ట్ భాగాల మీద మాత్రమే కొత్త ప్రజాతిని నిలబెట్టకండి. క్లోరోప్లాస్ట్ చాలా పూల మొక్కల్లో తల్లి వైపు నుంచే వస్తుంది. ఎప్పుడో జరిగిన సంకరం వల్ల ఒక గుంపు పక్కింటి క్లోరోప్లాస్ట్ మోస్తూ ఉండొచ్చు. కేంద్రక వృక్షమూ క్లోరోప్లాస్ట్ వృక్షమూ వేర్వేరు కథలు చెబుతుంటే రెండింటినీ కలిపేసి సగటు తీయడం పరిష్కారం కాదు, కారణం తేలేదాకా పేరు జోలికి పోకూడదు.

మామూలు బూట్‌స్ట్రాప్‌లో, అంటే కొమ్మ ఎంత గట్టిదో నూటికి చెప్పే లెక్కలో, 70 పైన, వేగవంతమైన అల్ట్రాఫాస్ట్ పద్ధతిలో 95 పైన ఉంటే కొమ్మను నమ్మొచ్చని వాడుక. ఈ రెండు కొలతలూ ఒకటి కావు. అల్ట్రాఫాస్ట్‌లో 80 వచ్చిందని సంబరపడితే పప్పులో కాలేసినట్టే. మీ కొత్త గుంపు కొమ్మ ఒక్కటే గట్టిగా ఉంటే చాలదు, దాన్ని పాత ప్రజాతి టైపు నుంచి వేరు చేసే మధ్య కొమ్మ కూడా గట్టిగా ఉండాలి. చాలా పత్రాల్లో బలహీనంగా ఉండేది సరిగ్గా ఆ మధ్య కొమ్మే.

చేతికి దొరికే లక్షణం

ఎండిన పువ్వును నీళ్ళలో డిటర్జెంట్ చుక్క వేసి కొద్ది నిమిషాలు ఉడికిస్తే మళ్ళీ విచ్చుకుంటుంది. స్టీరియో మైక్రోస్కోప్ కింద పూరేకులు, కేసరాలు, అండాశయం విప్పి చూడండి. ఒక్కో జాతికి వేర్వేరు హెర్బేరియం రేకుల నుంచి కనీసం ఐదు పూలు కొలవండి. ఒకే చెట్టు పూలు ఐదు కొలిచి లెక్క సరిపెట్టుకోవడం కుదరదు.

పాలియాల్తియా ముచ్చట దీనికి చక్కగా పనికొస్తుంది. నరమామిడిగా మనం ఎరిగిన చెట్టు చాలాకాలం పాలియాల్తియా లాంగిఫోలియా. ఆ ప్రజాతి అతుకుల బొంత అని డీఎన్‌ఏ తేల్చాక, 2012లో దాన్ని మోనూన్ అనే ప్రజాతిలోకి మార్చారు. మోనూన్ 1865లో వృక్షశాస్త్రజ్ఞుడు మికెల్ పెట్టిన పేరు. గ్రీకులో ఒక్క గుడ్డు అని అర్థం: ఒక్కో అండాశయంలో ఒక్కటే అండం ఉంటుంది. ఒకటిన్నర శతాబ్దం కింద అండాలు లెక్కపెట్టి చెప్పిన తేడానే డీఎన్‌ఏ మళ్ళీ పట్టుకొచ్చింది. మీ గుంపుకు ఇలాంటి లక్షణం ఒకటి దొరికేదాకా వెతకండి. ఒకటే లక్షణం దొరక్కపోతే రెండు మూడింటి కలయిక చెప్పండి, మినహాయింపు జాతులను దాచకుండా పేర్కొనండి.

కొత్త, పాత, పక్క ప్రజాతులను విడదీసే కీ (లక్షణాల ప్రశ్నలతో పేరు దాకా నడిపించే పట్టిక) ఒకటి తయారుచేసి, ఆ గుంపుతో పరిచయం లేనివాళ్ళ చేతికి పదిహేను హెర్బేరియం రేకులు ఇచ్చి నడిపించి చూడండి. వాళ్ళు తడబడ్డ చోటే మీ కీ తిరగరాయాల్సిన చోటు.

పాత పేర్ల వేట

మీ గుంపులోని ప్రతి జాతికీ పర్యాయనామాలన్నీ రాసుకోండి. వాటిలో ఏదైనా ఒక ప్రజాతికి టైపు అయ్యిందా అని ఒక్కొక్కటిగా చూడండి. అయ్యుంటే, ఆ ప్రజాతి పేరు చెల్లుబాటయ్యేదైతే, మీరు కొత్త పేరు పెట్టడానికి వీల్లేదు. పెట్టినా అది అనవసరపు పేరుగా పుట్టుకతోనే నియమవిరుద్ధం. ప్రజాతి స్థాయిలో ముందొచ్చిన పేరుదే హక్కు, ఆ లెక్క 1753 మే 1 నుంచి మొదలవుతుంది.

వెతకడానికి ఐపీఎన్ఐ (అంతర్జాతీయ మొక్కల పేర్ల సూచిక), ట్రోపికోస్, ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్, ఇండెక్స్ నామినం జెనెరికోరం ఉన్నాయి. ఇవి దారి చూపే బోర్డులు మాత్రమే. ప్రతి పేరు పుట్టిన అసలు పుటను బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో తెరిచి కళ్ళారా చూడాలి. సూచికలో ఉన్న సంవత్సరం, పుట సంఖ్య తప్పయిన సందర్భాలు కోకొల్లలు. పాత గ్రంథాలు విడివిడి భాగాలుగా ఏళ్ళ తరబడి వెలువడేవి. అట్ట మీద ఉన్న సంవత్సరం ఆఖరి భాగానిదై, మీకు కావాల్సిన పుట మూడేళ్ళ ముందే బయటికొచ్చి ఉండొచ్చు. రెండు పేర్లు పోటీ పడితే ఆ మూడేళ్ళే తీర్పు చెబుతాయి.

సెక్షన్ లేదా ఉపప్రజాతి పేరు ముందే ఉంటే దాన్నే ప్రజాతి స్థాయికి ఎత్తొచ్చు. ఇది తప్పనిసరి కాదు, ఎందుకంటే ముందు వచ్చిన హక్కు అదే స్థాయిలోనే నడుస్తుంది. అయినా వాడుకలో ఉన్న పేరు ఎత్తితే చదివేవాళ్ళకు తేలిక.

పేరు కట్టడం

ప్రజాతి పేరు ఏకవచన నామవాచకం. ఎక్కడి నుంచైనా తీసుకోవచ్చు: బొలివియా అక్షరాలు తారుమారు చేసి లోబివియా అన్నారు. మొక్కల భాగాలకు వాడే లాటిన్ సాంకేతిక పదాలు మాత్రం పనికిరావు. రెండు పదాలైతే మధ్యలో గీత ఉండాలి.

సమనామం, అంటే వేరే టైపు మీద ముందే ఉన్న అదే పేరు, ఉందేమో చూడటం అన్నిటికంటే ముఖ్యం. మొక్కలు, శిలీంధ్రాలు, శైవలాలు ఒకే నియమావళి కింద ఉన్నాయి కాబట్టి ఇండెక్స్ ఫంగోరం, ఆల్గీబేస్ కూడా వెతకాలి. జంతువుల పేర్లతో మనకు పేచీ లేదు. మోరస్ మల్బరీ ప్రజాతి, గానెట్ అనే సముద్రపక్షి ప్రజాతి కూడా.

అచ్చంగా అదే పేరు కాకపోయినా, గందరగోళపడేంత దగ్గరగా ఉన్నా సమనామమే. పాలియాల్తియా నుంచి విడిపోయిన ఇంకో గుంపుకు 2012లో హుబెరా అని పేరు పెట్టారు. మెలస్టొమటేసీ కుటుంబంలో హుబేరియా అప్పటికే ఉంది. లాటిన్ లిపిలో తేడా ఒక్క అక్షరమే. 2015లో హుబెరాంథా అనే బదులు పేరు తేవాల్సి వచ్చింది, దాంతోపాటు జాతుల కలయికలన్నీ మళ్ళీ ప్రచురించాల్సి వచ్చింది. కాబట్టి మీ పేరులో ఒక అక్షరం తీసి, ఒకటి చేర్చి, చివర మార్చి కూడా వెతకండి. అనుమానం తీరకపోతే సంఘాన్ని నిర్ణయం అడగొచ్చు, కానీ వేరే పేరు చూసుకోవడమే తేలిక.

లింగం స్పష్టంగా రాయండి. పుంలింగం, స్త్రీలింగం, నపుంసకం అన్నది మీ తర్వాతి పనంతటినీ నడిపిస్తుంది. డెండ్రాన్, స్టిగ్మా, స్టోమా, నీమా చివరొస్తే నపుంసకం. పోగన్, స్టెమన్, పానాక్స్ చివరొస్తే పుంలింగం. డాఫ్నే, ఆక్నే చివరొస్తే స్త్రీలింగం.

చెల్లుబాటుకు ఇవి కావాలి: లాటిన్‌లోనో ఆంగ్లంలోనో వర్ణన లేదా తేడాలు చెప్పే డయాగ్నోసిస్, ఇంకా టైపు. 2012 జనవరి 1కి ముందు ఇరవయ్యో శతాబ్దపు చాలా భాగం లాటిన్ ఒక్కటే చెల్లేది. ప్రజాతికి టైపుగా ఒక జాతి పేరు చెబితే చాలు, కానీ ‘టైపు’ అన్న మాట రాసి మరీ చెప్పాలి. 1990 జనవరి 1 నుంచి ఆ మాట లేకపోతే చెల్లదు. మంచి నమూనాలు, స్పష్టమైన మూలనామం, వివాదం లేని గుర్తింపు ఉన్న జాతిని టైపుగా ఎంచుకోండి. అరుదైనదనో అందమైనదనో ఎంచుకుంటే రేపు దాని గుర్తింపు మీదే తగవు వస్తుంది.

కొత్త కలయికలు

పట్టిక వేయడంతో మొదలుపెట్టండి. జాతికి ఒక వరస. నిలువు గళ్ళలో మూలనామం, దాని కర్త, గ్రంథం లేదా పత్రిక, సంపుటం, ఖచ్చితమైన పుట, తేదీ, టైపు, అది ఉన్న హెర్బేరియం, మిగతా పర్యాయనామాలు, రెండో పదం వ్యాకరణం ఉండాలి. నలభై జాతులుంటే ఈ పట్టిక నింపడానికే నెలలు పడుతుంది.

మూలనామం అంటే ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు అనుకోవడం అందరూ చేసే పొరపాటు. నరమామిడినే తీసుకోండి. పాలియాల్తియా లాంగిఫోలియా రాసిన త్వైట్స్ పేరుకు ముందు కుండలీకరణాల్లో సొనరా పేరు ఉంటుంది. అంటే రెండో పదం త్వైట్స్‌ది కాదు, 1782లో సొనరా పెట్టిన యువేరియా లాంగిఫోలియాది. మోనూన్‌కు మార్చేటప్పుడు చూపాల్సిన మూలనామం యువేరియా లాంగిఫోలియా. కుండలీకరణాల్లో పేరు కనబడిందంటే వెనక్కి నడవండి, కుండలీకరణాలు లేని పేరు వచ్చేదాకా.

1953 జనవరి 1 నుంచి మూలనామానికి పూర్తి, సూటి ప్రస్తావన ఇవ్వాలి: కర్త, ప్రచురణ, పుట లేదా చిత్రం సంఖ్య, సంవత్సరం. నేరేడుకు అది ఇలా ఉంటుంది: ‘సిజీజియం క్యుమిని, మూలనామం మిర్టస్ క్యుమిని, లినేయస్, స్పీసీస్ ప్లాంటారమ్, పుట 471, 1753.’ పుట 471 బదులు పుస్తకం మొత్తం పుటలు రాస్తే చెల్లదు. పత్రిక వ్యాసమైతే 201 నుంచి 230 అని వ్యాసం అంతా చూపడం కూడా అలాంటిదే, పేరు ఉన్న ఆ ఒక్క పుట కావాలి. గ్రంథసూచిలో వివరాలున్నాయి కదా అని పేరు పక్కన కర్త, సంవత్సరం మాత్రమే రాసి వదిలేయకండి. పుట సంఖ్య పేరు దగ్గరే రాయండి, అప్పుడు ఎవరికీ సందేహం ఉండదు. సంఖ్య పొరపాటున తప్పుపడితే దిద్దుకోవచ్చు, అసలు లేకపోతే దిద్దడానికి ఏమీ ఉండదు.

‘ఈ కింది జాతులు కొత్త ప్రజాతికి చెందుతాయి’ అని రాసి పాత పేర్ల జాబితా ఇస్తే కలయికలు పుట్టవు. ప్రజాతి పేరు, రెండో పదం పక్కపక్కన ప్రతి జాతికీ రాయాలి. ఉపజాతులు, రకాలు ఉంటే వాటికీ విడిగా రాయాలి. ‘ఇంకా నమూనాలు చూశాక ఇది కూడా మారవచ్చు’ అన్న ధోరణిలో రాసిన పేరు చెల్లదు. రచయిత దాన్ని ఆ చోట అంగీకరించి ఉండాలి.

ఇక వ్యాకరణం. రెండో పదం విశేషణమైతే ప్రజాతి లింగాన్ని బట్టి చివర మారుతుంది. పాలియాల్తియా స్త్రీలింగం కాబట్టి లాంగిఫోలియా, మోనూన్ నపుంసకం కాబట్టి మోనూన్ లాంగిఫోలియం. ఓరియంటాలిస్ నపుంసకంలో ఓరియంటాలె అవుతుంది. ఎలెగాన్స్, బైకలర్, సింప్లెక్స్ ఏ లింగంలోనైనా మారవు. నామవాచకమైతే కదపకూడదు: మిర్టస్ క్యుమిని సిజీజియంలోకి వెళ్ళినా క్యుమినియే, సరాకా అశోకాలోని అశోకా స్థానిక నామం కాబట్టి ఎక్కడికి వెళ్ళినా అశోకాయే. వైటీ అంటే వైట్ గారిది అని షష్ఠీవిభక్తి, మారదు. వైటియానా విశేషణం, నపుంసకంలో వైటియానమ్. నిఘంటువు లేకుండా చెవికి బాగుందని చివరలు మార్చేవాళ్ళను ఎన్నిసార్లు హెచ్చరించినా తక్కువే. అదృష్టం ఏమిటంటే చివర తప్పినా పేరు చెల్లుతుంది, తర్వాతివాళ్ళు దిద్దుతారు.

ప్రజాతి పేరూ రెండో పదమూ అచ్చంగా ఒకటే కాకూడదు. వేర్వేరు పాత ప్రజాతుల నుంచి ఒకే రెండో పదమున్న రెండు జాతులు మీ కొత్త ప్రజాతిలోకి వస్తే ఒక్కదానికే ఆ పదం, మామూలుగా ముందు ప్రచురణ అయినదానికి. రెండోదానికి దాని పర్యాయనామాల్లో తర్వాతి పాత పదం తీసుకోండి. అదీ లేకపోతేనే కొత్త బదులు పేరు. పట్టికను రెండో పదం ప్రకారం అక్షరక్రమంలో పేర్చి చూస్తే ఇలాంటి ఢీ నిమిషంలో కనబడుతుంది. పేర్చకపోతే సమీక్షకుడి కంటికి కనబడుతుంది, లేదా ప్రచురణ అయ్యాక ఇంకొకరి కంటికి.

మూలనామానికి టైపు నిర్ధారణ కాకపోతే ఇదే అదను. హోలోటైపు, అంటే పేరు పెట్టినవాళ్ళే ఎంచిన టైపు, లేనప్పుడు వాళ్ళు వాడిన అసలు సామగ్రి నుంచి లెక్టోటైపు, అంటే తర్వాతివాళ్ళు నిర్ణయించే టైపు, ఎంచాలి. అది 2001 జనవరి 1 నుంచి ‘ఇక్కడ నిర్దేశించాం’ అన్న అర్థం వచ్చే మాటతోనే చెల్లుతుంది. ఎంచేముందు అంతకుముందే ఎవరైనా ఎంచారేమో పాత వృక్షసంపద గ్రంథాల్లో చూడండి, ముందు ఎంచినదానికే బలం. టైపు బొమ్మ మాత్రమే చూసి నిర్ధారించకండి. ఒకే రేకు మీద రెండు వేర్వేరు మొక్కల కొమ్మలు అతికించి ఉండటం పాత సేకరణల్లో సర్వసాధారణం, బొమ్మలో అది తెలియదు.

ప్రచురణ

2012 జనవరి 1 నుంచి ఐఎస్ఎస్ఎన్ లేదా ఐఎస్‌బీఎన్ ఉన్న ప్రచురణలో పీడీఎఫ్‌గా వస్తే చాలు, కాగితం అచ్చు అక్కర్లేదు. అయితే ముందస్తు కూర్పని తెలిసే రూపం లెక్కకు రాదు. పత్రిక తుది రూపం ఏ రోజు పెడుతుందో సంపాదకుణ్ణి రాతపూర్వకంగా అడగండి. పరిశోధన గ్రంథంలో పెట్టిన పేరు మామూలుగా ప్రచురణ కిందకు రాదు. మీ పేరు తర్వాతి పత్రంలో వేరే స్పెల్లింగుతో వస్తే చిక్కు, అందుకే పత్రం వచ్చేదాకా ఆ పేరును సెమినార్లలో, పోస్టర్లలో వాడకపోవడం మంచిది.

ప్రజాతి ఒక పత్రంలో, కలయికలు ఇంకో పత్రంలో ఇవ్వాలనుకుంటే వరస చూసుకోండి. ప్రజాతి పేరు చెల్లుబాటయ్యాకే, లేదా దానితోపాటే, కలయికలు చెల్లుతాయి. రెండు పత్రికల్లో కలయికల పత్రమే ముందు వెలువడితే అవన్నీ చెల్లని పేర్లే. ఒకే పత్రంలో ఇవ్వడం ఎంతో నయం.

శిలీంధ్రాలకు 2013 నుంచి నమోదు సంఖ్య తప్పనిసరి. మొక్కల పేరు చెల్లడానికి అలాంటి నిర్బంధం లేదు, అయినా పత్రం వచ్చిన రోజే ఐపీఎన్ఐకి ఒక ప్రతి పంపండి. వాళ్ళు పుట సంఖ్యలో, తేదీలో తేడా చూపిస్తే అప్పుడే దిద్దుబాటు వేయడం సులభం.

హెర్బేరియంలో పాత పేరు కొట్టేయకుండా కొత్త నిర్ధారణ చీటీ పక్కన అతికించండి: కొత్త పేరు, నిర్ధారించినవారు, సంవత్సరం. టైపు రేకుకు విడిగా టైపు చీటీ, దాని మీద మూలనామం. నమూనా దొరకని, పువ్వు ఎవరూ చూడని జాతులు నాలుగైదు ప్రతి గుంపులోనూ మిగులుతాయి. పోలిక చూసి వాటిని గంపగుత్తగా కొత్త ప్రజాతిలోకి తోసేయకండి. పాత పేరుతోనే ఉంచి, ‘స్థానం తేలనివి’ అని పత్రం చివర పేర్లతో, ఏ భాగం దొరికితే తేలుతుందో రాసి పెట్టండి. పువ్వు కావాలా, పండిన కాయ కావాలా, సిలికా ఆకు కావాలా అన్నది రాసి ఉంటే, తర్వాత ఆ అడవికి వెళ్ళేవాళ్ళు ఏ నెలలో వెళ్ళాలో చూసుకుంటారు.